బొటనవేలంత గొట్టం, బండెడు బాధ్యత

రాత్రి ఇంటిముందు నిలిపిన పికప్ బండిని తెల్లవారి బయటికి తీసినప్పుడు, ముందు చక్రాల నడుమ నేలమీద అరచేయంత ఎర్రని నూనె మరక కనిపించిందనుకోండి. ఆ మరకను చూచి బేజారయ్యేవారు తక్కువ. ‘పాత బండి కదా, కారుతుంది’ అనుకొని, డబ్బాలో మరికాస్త నూనె పోసి, సరుకు వేసుకొని బయలుదేరేవారే ఎక్కువ. ఆ మరకకు మూలం చాలాసార్లు బొటనవేలంత లావున్న ఒక నల్లని రబ్బరు గొట్టం. మేస్త్రీల భాషలో దాని పేరు పవర్ స్టీరింగ్ హోసు పైపు. టన్నుకు పైబడిన సరుకుతో వెళ్ళే బండిని మలుపు తిప్పే బలం ఆ గొట్టం గుండానే ప్రవహిస్తుంది.

ఈ మాట అందరికీ వర్తించేదే అయినా, ఖరగ్‌పూర్‌లోని మలంచా వంటి చోట దీనికి ప్రత్యేకమైన అర్థం ఉన్నది. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలో, ముఖ్యంగా మలంచా ప్రాంతంలో, నాలుగడుగులు వేస్తే తెలుగు మాట చెవిని పడుతుంది. 19వ శతాబ్దం చివరి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌కు పట్టాలు పరచి, పెద్ద కార్ఖానాను నెలకొల్పింది. ఆ రైల్వే మార్గం దక్షిణాన వాల్తేరు దాకా సాగడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు పనిని వెదుక్కుంటూ వచ్చి ఇక్కడే స్థిరపడినవి. ఇనుముతోనూ, ఆవిరితోనూ, గొట్టాలతోనూ పనిచేయడం ఆ కుటుంబాలకు తరాలుగా వచ్చిన విద్య.

తాతలకు దొరికిన రైల్వే ఉద్యోగం మనుమలందరికీ దొరకదు. అట్టివారికి ఉన్న దారులలో సరుకు బండి నడపడం ఒకటి, బండ్లు బాగుచేయడం మరొకటి. కోల్‌కతా నుంచి చెన్నైకి పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఖరగ్‌పూర్‌ను తాకుతూనే సాగుతుంది. ఇక్కడ ఎక్కిన బండి అదే దారిన బాలేశ్వర్, భువనేశ్వర్ దాటి, శ్రీకాకుళం మీదుగా విశాఖ చేరవచ్చు. ఇంత దూరపు ప్రయాణం ఒక గొట్టం మీద ఆధారపడి ఉన్నదంటే, దానిని గురించి నాలుగు మాటలు తెలుసుకోవడం అవసరమే.

నూనె చేసే చాకిరీ

స్టీరింగు చక్రాన్ని తిప్పడం ఒకప్పుడు భుజబలంతో కూడిన పని. ముందు ఇరుసుపై బరువు పెరిగినకొద్దీ చక్రం మొండికేసేది. అమెరికాలో పియర్స్ యారో కంపెనీ ట్రక్కుల విభాగంలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు ఈ బాధను దగ్గరగా చూచినవాడు. నూనె ఒత్తిడి సహాయంతో చక్రాలను తిప్పే ఏర్పాటును ఆయన తయారుచేసి, 1926లో ఒక కారుకు అమర్చి చూపించాడు. ఖర్చు ఎక్కువన్న కారణంతో కార్ల కంపెనీలు చాలాకాలం వెనుకాడినవి. రెండవ ప్రపంచ యుద్ధంలో బరువైన సైనిక వాహనాలకు ఈ ఏర్పాటు ఉపయోగపడింది. మామూలు కొనుగోలుదారుకు అందిన మొదటి పవర్ స్టీరింగ్ కారు 1951లో క్రైస్లర్ కంపెనీ విడుదలచేసిన ఇంపీరియల్. అంటే, ట్రక్కు డ్రైవరు కష్టం చూచి పుట్టిన ఊహ కారులో కూర్చున్నవారి సుఖానికి ముందు ఉపయోగపడి, చాలాకాలానికి గాని సామాన్యుని సరుకు బండికి చేరలేదన్నమాట.

దాని పని చూడటానికి తేలిక. ఇంజనుకు బెల్టుతో ముడిపడిన చిన్న పంపు ఒకటి డబ్బాలోని నూనెను పీల్చి, ఒత్తిడితో స్టీరింగు పెట్టెకు పంపుతుంది. డ్రైవరు చక్రం తిప్పగానే పెట్టెలోని కవాటం తెరచుకొని, ఏ వైపు తిప్పాలో ఆ వైపుకు నూనెను వదలుతుంది. నూనె పిస్టనును తోస్తుంది. పిస్టను చక్రాలను తిప్పుతుంది. పని ముగించిన నూనె చల్లగా డబ్బాకు తిరిగివస్తుంది. మూసిన పాత్రలోని ద్రవంపై ఒకచోట వేసిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే ఇక్కడా పనిచేస్తున్నది.

కనుక గొట్టాలు రెండు. పంపు నుంచి పెట్టెకు పోయేది అధిక పీడనపు గొట్టం. పెట్టె నుంచి డబ్బాకు వచ్చేది తిరుగు గొట్టం. రెండూ పైకి కవలపిల్లల్లా కనిపించినా వాటి బతుకులు వేరు. తిరుగు గొట్టంలో ఒత్తిడి నామమాత్రం. ఒక క్లిప్పు బిగిస్తే నిలుస్తుంది. మొదటిది అట్లా కాదు. చక్రాన్ని ఒక పక్కకు పూర్తిగా తిప్పి పట్టుకున్నప్పుడు అందులో ఒత్తిడి చదరపు అంగుళానికి 1000 పౌండ్లను దాటవచ్చు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి సుమారు 30 పౌండ్లు మాత్రమే. వేయి పౌండ్లంటే సుమారు 450 కిలోలు. తపాలా బిళ్ళంత చోటుపై ఏభై కిలోల బియ్యపు బస్తాలు తొమ్మిది పేర్చినట్లు ఊహించుకుంటే ఆ గొట్టం మోసే భారం మనసుకు అందుతుంది.

రైలు గొట్టానికీ దీనికీ భేదం

ఖరగ్‌పూర్ వంటి ఊరిలో హోసు పైపు అనగానే మొదట గుర్తుకు వచ్చేది రైలు పెట్టెల నడుమ వేలాడే బ్రేకు గొట్టం. ఆ గొట్టంలో ఒక గొప్ప ఊహ దాగి ఉన్నది. పాత వాక్యూమ్ బ్రేకుల కాలంలో రైలు పొడవునా పోయే గొట్టంలో గాలిని తీసివేసి ఉంచేవారు. గొట్టం ఎక్కడ తెగినా బయటి గాలి లోపలికి చొరబడి, బ్రేకులు తమంతట తామే పడేవి. తరువాత వచ్చిన ఎయిర్ బ్రేకులలో గొట్టం నిండా గాలి ఒత్తిడి ఉంటుంది. గొట్టం తెగితే ఆ ఒత్తిడి పడిపోయి, అప్పుడూ బ్రేకులే పడతాయి. పద్ధతులు రెండూ ఎదురెదురు, ఫలితం ఒక్కటే. గొట్టం చెడితే రైలు ఆగుతుంది. చెడిన వస్తువే ప్రాణాన్ని కాపాడేటట్లు చేసిన ఏర్పాటు అది.

పికప్ బండిలోని గొట్టానికి ఆ గుణం లేదు. అది పగిలితే బండి ఆగదు. వెళుతున్న వేగంతోనే వెళుతుంది. చక్రం మాత్రం ఒక్కసారిగా రాయి అవుతుంది. స్టీరింగు కడ్డీకీ చక్రాలకూ ఇనుప సంబంధం అలాగే ఉంటుంది కాబట్టి బండిని తిప్పడం అసాధ్యం కాదు. కాని, పవర్ స్టీరింగ్ బండిలో చక్రం కొద్ది చుట్లలోనే పూర్తిగా తిరిగేటట్లు పళ్ళను అమర్చుతారు. అందువల్ల సహాయం పోయిన మరుక్షణం అది పవర్ లేని పాత బండి స్టీరింగు కంటే కూడా బరువెక్కుతుంది. నిండు సరుకుతో మలుపు మధ్యలో ఉన్న డ్రైవరుకు ఈ సంగతి అర్థమై, రెండు చేతులా బలం తెచ్చుకొనే లోపల బండి తన దారి తాను చూచుకుంటుంది.

అమెరికాలో వాడే కొన్ని పెద్ద డీజిల్ పికప్పులలో బ్రేకులకు సహాయం అందించేది కూడా ఇదే పంపు. అక్కడ గొట్టం పగిలితే స్టీరింగుతోపాటు బ్రేకూ బరువెక్కుతుంది. అత్యవసరానికి కొన్నిసార్లు బ్రేకు తొక్కడానికి సరిపడేంత ఒత్తిడిని మాత్రం ఒక చిన్న పాత్రలో నిలవ ఉంచుతారు.

రైలు గొట్టం తన జాగ్రత్త తానే చూచుకుంటుంది. ఈ గొట్టం జాగ్రత్తను మనిషి చూడాలి. ఉన్న భేదమంతా ఇదే.

గొట్టం ఎందుకు చెడుతుంది?

అధిక పీడనపు గొట్టం వట్టి రబ్బరు కాదు. లోపలి పొర నూనెకు కరగని కృత్రిమ రబ్బరు. దాని మీద జడ వలె అల్లిన దారపు పొర. ఒత్తిడిని ఓర్చేది ఇదే. ఆ పైన వేడి నుంచీ, రాపిడి నుంచీ కాపాడే తొడుగు. రెండు చివరలా ఉక్కు ముక్కులను యంత్రంతో నొక్కి బిగిస్తారు.

దీనికి శత్రువులు నలుగురు. మొదటిది వేడి. డీజిల్ ఇంజను పక్కన, పొగ గొట్టానికీ టర్బోకూ చేరువలో రోజంతా ఉడికే రబ్బరు క్రమంగా గట్టిపడి, పెళుసెక్కుతుంది. ఎర్రమట్టి నేల కాగిపోయే ఖరగ్‌పూర్ వేసవి దానికి తోడు. రెండవది కాలం. బండి తిరిగినా తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. మూడవది రాపిడి. పట్టి ఊడిన గొట్టం ఏ ఇనుప అంచుకో ఒరుసుకుంటూ రోజుకింత అరుగుతుంది. నాలుగవది డ్రైవరు అలవాటు. ఇరుకు సందులో బండి తిప్పేటప్పుడు చక్రాన్ని చివరిదాకా తిప్పి, అలాగే బిగపట్టి ఉంచడం వల్ల ఒత్తిడి శిఖరానికి చేరి, పంపూ గొట్టమూ రెండూ మూలుగుతాయి.

గొట్టం ముందుగా చెప్పకుండా పగలడం అరుదు. ఉక్కు ముక్కు దగ్గర నూనె చెమర్చి, దానిపై దుమ్ము పేరుకుంటుంది. వేలితో నొక్కితే ఒకచోట మెత్తగా, మరొకచోట ఎండుకట్టెలా తగులుతుంది. వంచితే సన్నని పగుళ్ళు కనిపిస్తాయి. చక్రం తిప్పినప్పుడు పంపు సన్నగా ఏడుస్తుంది. డబ్బాలో నూనె మట్టం వారం వారం తగ్గుతుంది. ‘ఏటి బాబూ, ఈ గొట్టం మార్సి ఎన్నాళ్ళయింది?’ అని మేస్త్రి అడిగితే, ‘బండి కొన్నకాడినుంచీ అదే మేస్త్రీ’ అన్నది మామూలుగా వచ్చే జవాబు. ఆ జవాబులోనే రోగ నిర్ణయం ఉన్నది.

అతుకు పనికిరాదు

కారుతున్న గొట్టాన్ని కోసి, నడుమ ఇనుప గొట్టం ముక్క దూర్చి, రెండు వైపులా క్లిప్పులు బిగించడం వీధి మరమ్మతులలో కనిపించే ఉపాయం. తిరుగు గొట్టానికైతే అది కొంతకాలం నడుస్తుంది. అధిక పీడనపు గొట్టానికి అది ప్రాణాంతకం. మరను తిప్పి బిగించే క్లిప్పు వేయి పౌండ్ల ఒత్తిడిని పట్టి ఉంచజాలదు. మరమ్మతు జరిగిన చోట బండి నిలిచి ఉండగా అది బాగానే కనిపిస్తుంది. ఊడేది బరువుతో మలుపు తిరిగే వేళ.

అప్పుడు చిమ్మే నూనె ఎక్కడ పడుతుందన్నది రెండవ ప్రశ్న. బరువు లాగుతున్న డీజిల్ ఇంజను టర్బో భాగాల వేడి వందల డిగ్రీలలో ఉంటుంది. దానిపై పడిన నూనె తుంపర అంటుకోవచ్చు. బానెట్ కింద మంటలకు ఇదీ ఒక కారణం.

మూడవ ప్రమాదం మేస్త్రికి. ఇంజను నడుస్తుండగా గొట్టం ఎక్కడ కారుతున్నదో తెలుసుకోవడానికి వేలు పెట్టి తడమడం చాలామందికి అలవాటు. కంటికి కనిపించని రంధ్రం నుంచి సూదిలా వచ్చే నూనె ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోగలదు. చదరపు అంగుళానికి 100 పౌండ్ల ఒత్తిడి ఇందుకు చాలునంటారు. పైకి కనిపించేది ఎర్రచీమ కుట్టినంత గాటు. నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. లోపల మాత్రం నూనె వేలి పొడవునా పాకి, కండను చంపుతుంది. ఇది గంటల మీద శస్త్రచికిత్స జరగవలసిన గాయం. ఆలస్యమైతే వేలును, ఒక్కొక్కప్పుడు చేతినే తీసివేయవలసి వస్తుంది. కనుక కారే చోటును అట్టముక్కతో వెదకాలి గాని వేలితో కాదు. గాయమైతే ‘చిన్న గాటే’ అని కట్టు కట్టి ఊరుకోక, నూనె ఒత్తిడితో గుచ్చుకున్నదని వైద్యునికి స్పష్టంగా చెప్పాలి.

మార్చే విధం

గొట్టం మార్చడం మహావిద్య కాదు. ఓర్పు కావలసిన పని. ముందు ఇంజను పూర్తిగా చల్లారాలి. వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డుదిమ్మెలు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో ఎత్తి, స్టాండుల మీద నిలపాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందికి దూరరాదు.

డబ్బాలోని పాత నూనెను సిరంజితో తోడివేయాలి. విప్పబోయే జాయింట్ల చుట్టూ ఉన్న మట్టిని తుడిచివేయాలి. ఒక్క ఇసుక రేణువు లోపలికి పోయినా అది కవాటాన్ని గీస్తుంది. పాత గొట్టం ఏ దారిన పోయిందో, ఏ పట్టీ ఎక్కడ ఉన్నదో కాగితంపై గీసుకోవడమో, ఫొటో తీసుకోవడమో మేలు. నూనె పట్టడానికి కింద పళ్ళెం పెట్టి, గొట్టపు నట్టు అంచులను ఎక్కువ వైపుల నుంచి పట్టే పానాతో వదులు చేయాలి. మామూలు పానా జారితే నట్టు మూలలు అరిగిపోయి, అరగంట పని అరపూట అవుతుంది. జాయింటుకు రెండో వైపును మరో పానాతో కదలకుండా పట్టుకోవాలి. తెరచిన రంధ్రాలకు వెంటనే శుభ్రమైన మూతలు పెట్టాలి.

కొత్త గొట్టం పొడవులోనూ, వంపులోనూ, చివరల అమరికలోనూ పాతదానితో సరిపోవాలి. పక్కపక్కన పెట్టి చూచిన తరువాతనే బిగించాలి. పాత రాగి వాషర్లనూ రబ్బరు రింగులనూ తిరిగి వాడరాదు; ఒకసారి నలిగిన వాషరు రెండవసారి సరిగా కూర్చోదు. మరలను మొదట చేతితోనే తిప్పి ఎక్కించి, అవి తేలికగా కదులుతున్నవని తెలిసిన తరువాత పానా పట్టాలి. బిగింపు ఎంత అన్నది బండి చేతిపుస్తకం చెబుతుంది. ‘ఇంకాస్త’ అన్న ఉత్సాహంతో మరలు చెడగొట్టుకున్నవారు ఎందరో. గొట్టం మెలి పడకుండా, పొగ గొట్టానికీ బెల్టుకూ దూరంగా, పాత పట్టీలన్నిటిలో తిరిగి కూర్చోవాలి. కొత్త గొట్టాలు త్వరగా చెడడానికి బిగించకుండా వదలిన పట్టీ ఒక పెద్ద కారణం.

నూనె విషయంలో మరొక హెచ్చరిక. ఏ నూనె పోయాలో చేతిపుస్తకంలోనో, డబ్బా మూతపైనో రాసి ఉంటుంది. చాలా బండ్లలో అది ఎర్రని ట్రాన్స్‌మిషన్ నూనె. చేతికి అందింది కదా అని బ్రేకు నూనె పోస్తే, రబ్బరు రింగులు ఉబ్బి మెత్తబడి, గొట్టంతో పోవలసిన ఖర్చు పంపుదాకా, పెట్టెదాకా పోతుంది.

గాలి తీయడం

గొట్టం మార్చిన తరువాత లోపల మిగిలిన గాలిని బయటికి పంపాలి. ఆంగ్ల చేతిపుస్తకాలలో ఈ పనికి వాడే మాటను ఉన్నదున్నట్లు అనువదిస్తే ‘రక్తం కార్చడం’ అవుతుంది. యంత్రాల పుస్తకాలను తెలుగు చేసేవారు ఆ మాట దగ్గర కలం ఆపి ఆలోచించవలసిందే. మన మేస్త్రీలు అనే ‘గాలి తీయడం’ అన్న మాట అంతకంటే ఎంతో సరైనది. పోవలసింది నూనె కాదు, గాలి. నూనెను నొక్కితే కుంచించుకోదు. గాలిని నొక్కితే కుంచించుకుంటుంది. గాలి కలిసిన నూనె నురుగై, బలాన్ని అందించలేక, పంపును అరగదీస్తుంది.

ఇంజను నడపకుండానే, ముందు చక్రాలు నేలను తాకకుండా ఉన్నప్పుడు, డబ్బా నింపి స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా పది, ఇరవై మార్లు తిప్పాలి. మట్టం తగ్గినప్పుడల్లా నూనె పోస్తుండాలి. డబ్బాలో బుడగలు రావడం ఆగిన తరువాతనే ఇంజనును తక్కువ వేగంతో నడిపి, మళ్ళీ మెల్లగా తిప్పాలి. చివరలో అయిదు సెకన్లకు మించి పట్టి ఉంచరాదు. నూనె పాలనురుగులా తెల్లబడితే ఇంజను ఆపి, నురుగు అణగేదాకా ఆగాలి. తొందరపడి మొదటనే ఇంజను నడిపేవారికి గంటల తరబడి వినిపించే పంపు మూలుగే ప్రతిఫలం.

చివరగా, ఇంజనుపై ఒలికిన నూనెను శుభ్రంగా తుడవాలి. బెల్టుపై పడితే బెల్టు జారుతుంది. తుడవకపోతే రేపు కనిపించే మరక పాతదో కొత్తదో తెలియదు. ఒకటి రెండు రోజులు తిరిగిన తరువాత మట్టాన్నీ జాయింట్లనూ మళ్ళీ చూచినప్పుడే పని పూర్తయినట్లు.

ఎవరి చేయి, ఎవరి ఖర్చు?

ఇంత తెలిసినా గొట్టం మారకపోవడానికి కారణం చాలాచోట్ల అజ్ఞానం కాదు, ఆర్థికం. బండి ఒకరిది, చక్రం పట్టే చేయి మరొకరిది. మార్చడానికి డబ్బు పెట్టవలసినవాడు యజమాని. పగిలినప్పుడు చక్రంతో పెనుగులాడేవాడు డ్రైవరు. బండి ఒక పూట నిలిస్తే ఆనాటి కిరాయి పోతుందన్న లెక్క ఇద్దరికీ తెలుసు. గొట్టం రహదారిపై పగిలితే పంపు ఎండి పాడవుతుందనీ, బండిని లాగించుకొని రావాలనీ, సరుకు చెడుతుందనీ అన్న లెక్క మాత్రం జరిగిన తరువాతనే గుర్తుకు వస్తుంది. డ్రైవరు ఎర్రని మరకను చూపి ‘మార్చాలి’ అన్నప్పుడు అది సాకు కాదని యజమాని గ్రహించడం, ‘ఈ ట్రిప్పు వేసి వచ్చాక చూద్దాం’ అన్నప్పుడు వద్దని చెప్పగల స్వాతంత్ర్యం డ్రైవరుకు ఉండటం, ఈ రెండూ పానా కంటే ముందు కావలసిన పనిముట్లు.

ఇక్కడ రైల్వే నేర్పిన క్రమశిక్షణ ఒకటి అక్కరకు వస్తుంది. రైల్వే పనిలో రబ్బరు వస్తువును చూపును బట్టి కాక వయస్సును బట్టి తీర్పు తీరుస్తారు. తయారైన తేదీని చూచి, గడువు తీరినదానిని పక్కన పెడతారు. అదే పద్ధతిని ఇంటి బండికీ వర్తింపజేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. గొట్టం మార్చిన నెలా సంవత్సరమూ ఒక రేకు ముక్కపై చెక్కి, తీగతో డబ్బా మెడకు కట్టితే చాలు. రేపు బండి చేతులు మారినా, మేస్త్రి మారినా, ఆ రేకు సాక్ష్యం చెబుతుంది.

ఏటేటా సెప్టెంబరు నడుమ వచ్చే విశ్వకర్మ పూజనాడు బెంగాల్‌లోని కార్ఖానాలలో యంత్రాలకు సెలవు, పూజ. తెలుగువారికి దసరాలలో ఆయుధపూజ ఉండనే ఉన్నది. కొద్ది వారాల తేడాతో వచ్చే ఈ రెండు పండుగలనూ మలంచా తెలుగువారు ఎరుగుదురు. ఆనాడు బండిని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు కట్టేముందు బానెట్ ఎత్తి, ఇంజను చల్లగా ఉండగా ఆ నల్లని గొట్టాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చేతితో నిమిరి చూడటం మంచిది. చెమ్మ తగిలితే, బండి మళ్ళీ రహదారి ఎక్కేది కొత్త గొట్టంతోనే కావాలి.